ఒదీలియా బరువైన కన్ను

ఒదీలియా బర్రాగాన్ గొంతు గురించి మా హార్లన్ ఊళ్ళో చెప్పుకునేవన్నీ అబద్ధాలే, ఒక్కటి తప్ప. సుడిగాలి సైరన్ చెడిపోయిన ఏడాది ఆమె వంటింటి కిటికీలోంచి కుక్కను కేకేస్తే మూడు ఊళ్ళ జనం నేలమాళిగల్లోకి దిగిపోయారన్నది అబద్ధం. రెండు ఊళ్ళే. ఆమె కేక విని గూడ్సు బండి ఆగిపోయి ఎర్రదీపం ఎక్కడుందా అని వెతుక్కుందన్నదీ అబద్ధమే, ఆ బండి డ్రైవరు అప్పటికే తాగి ఉన్నాడు. నిజం ఒకటే. పంతొమ్మిదేళ్ళుగా తొమ్మిదో నంబరు బడి బస్సు నడుపుతూ ఆమె పిల్లల మీద ఒక్కసారే గొంతెత్తింది. మంచు గడ్డకట్టిన రోజున గోధుమల లారీ ఒకటి మలుపులో అడ్డంగా జారుకుంటూ వస్తుంటే, నిలబడి ఉన్న నలుగురు పిల్లల్ని "కూర్చోండి" అంది. కూర్చున్నారు. బస్సు గట్టు దిగి ఆగింది, లారీ పక్కనుంచి పోయింది, ఎవరికీ గీతైనా పడలేదు. ఆ సాయంత్రం ఆమె ఫైల్లో ఒక వాక్యం చేరింది: 'కోపిష్టి మనిషి. పిల్లల మీద అరుస్తుంది.'

పదకొండేళ్ళపాటు ఆ వాక్యం ఫైల్లో నిద్రపోయింది. మొన్న అక్టోబరులో ఒక గురువారం పొద్దున, బడుల ఆఫీసులో పొడుగాటి బల్ల మీద లేచి కూర్చుంది. దాని పక్కనే కొత్త వాక్యం ఒకటి, ఇంకా సంతకం పడనిది: 'డ్రైవరు ఒక పసిపిల్లను తగని విధంగా తాకింది.' దాని కింద సంతకం పడిందంటే ఒదీలియా ఇక కాన్సాస్ రాష్ట్రంలో ఎక్కడా బడి బస్సు నడపలేదు. నలభై ఆరేళ్ళ మనిషి. ఆమెకు వచ్చిన పనీ, నచ్చిన పనీ అదొక్కటే.

అందుకే ఆమె చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చుంది. చేతులు బయట ఉంటే మాటతోపాటు అవీ లేస్తాయి. చేతులు లేస్తే గొంతు లేస్తుంది. గొంతు లేచిందా, బల్లకు అవతలి ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, అదుగో, అనుకుంటారు. వాళ్ళు దానికోసమే ఎదురుచూస్తున్నారని ఆమెకు తెలుసు. ఎండిన చేలో రైతు మబ్బుకేసి చూసినట్టు చూస్తున్నారు.

అసలు జరిగింది పంతొమ్మిది సెకన్ల పని.

పడమటి రోడ్డు చివరి ఇంట్లోకి ఆ వేసవిలో కెండ్రా అనే ఆవిడ కుటుంబం కొత్తగా దిగింది. పెద్దపిల్ల టెస్సాకు ఏడేళ్ళు, బస్సెక్కుతుంది. చిన్నది జూనీకి రెండేళ్ళు నిండలేదు, అక్కను సాగనంపడానికి గేటు దాకా తప్పటడుగులు వేసుకుంటూ వస్తుంది. తల్లి వాకిట్లో కాఫీ కప్పుతో నిలబడి చూస్తుంటుంది. ఆ సోమవారం జూనీ ఎర్ర రబ్బరు బూట్లు వేసుకుంది. కోతకొచ్చిన గోధుమలాంటి జుట్టు నెత్తి మీద లేచి నిలబడి ఎండకు వెలుగుతోంది. బస్సు ఆగగానే, ఊళ్ళోకి సర్కసు దిగినట్టు రెండు చేతులూ చాచి నవ్వింది.

"అబ్బ, ఎంత ముద్దొస్తున్నావే" అని ఒదీలియా నోరు జారింది. జారాక ఇక చేసేదేముంది?

బర్రాగాన్ల ఇంట్లోనూ వాళ్ళ వీధి మొత్తంలోనూ ఉన్న పద్ధతి ఇది: పసిపిల్ల ముద్దొస్తే ముట్టుకోవాలి. నుదురైనా సరే, బుగ్గైనా సరే, చివరికి కాలి బొటనవేలైనా సరే. ముట్టుకోకుండా చూసి మురిసి వెళ్ళిపోతే ఆ చూపు పిల్ల మీదే ఉండిపోతుంది. సాయంత్రానికి ఒళ్ళు కాలుతుంది, పాలు కక్కుతుంది, అప్పుడు కోడిగుడ్డు తెచ్చి తల నుంచి కాళ్ళ దాకా దొర్లించి దిష్టి తియ్యాలి. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుంది కదా, పగలకుండా ముందే చెయ్యి అడ్డం పెట్టడమన్నమాట. అందులోనూ ఒదీలియాది బరువైన కన్ను. చిన్నప్పుడు ఆమె మెచ్చుకున్న పుచ్చకాయ తీగ మీదే పగిలిందని నికనోరా అత్త ఇప్పటికీ ప్రమాణం చేసి చెబుతుంది. పక్కింటివాళ్ళ కొత్త ట్రాక్టరు బాగుందంటే మర్నాటికి దాని చక్రం ఊడి చర్చి మెట్ల దాకా దొర్లుకుంటూ పోయి పాపాలు ఒప్పుకుందట.

అలాంటి కన్ను పడ్డ పిల్లను వదిలేసి ఎలా పోవడం? ఒదీలియా చేతి బ్రేకు వేసింది, రెండు మెట్లు దిగింది, వంగి రెండు వేళ్ళతో జూనీ నుదురు ముట్టుకుంది, మళ్ళీ ఎక్కి తలుపు మూసింది. మనసు తేలికపడింది కూడా. వాకిట్లో ఆవిడ కాఫీ కప్పు గబుక్కున కింద పెట్టడం అద్దంలో కనబడింది గాని, దాని అర్థం మధ్యాహ్నం దాకా తెలియలేదు.

మధ్యాహ్నానికి ఊరివాళ్ళ ఫోన్లలో తిరుగుతోంది: బస్సు నడిపే మెక్సికో ఆవిడ దిగొచ్చి మా పాప మీద చెయ్యి వేసింది. సాయంత్రానికి 'చెయ్యి వేసింది' కాస్తా 'లాక్కోబోయింది' అయింది. ఆ మెక్సికో ఆవిడ ముత్తాత ఇక్కడ పట్టాలు పరిచేనాటికి ఊరికి పేరే లేదు. పేరు పెట్టినవాళ్ళు ఆ పట్టాల మీద వచ్చిన రైల్లోంచే దిగారు. ఒదీలియా మెక్సికో చూసింది రెండుసార్లు, రెండుసార్లూ కడుపునొప్పితో తిరిగొచ్చింది. ఆమె స్పానిష్ మొదలుపెడితే నికనోరా అత్త చెవులు మూసుకుంటుంది. అయినా దుకాణంలో చేరిన కొత్తమ్మాయిలు ఆమెతో ఒక్కో మాటా విడదీసి, గట్టిగా, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడతారు. ఆమె కూడా అలాగే విడదీసి గట్టిగా జవాబిస్తుంది, పాపం వాళ్ళకు చెవుడేమోనని.

ఆ సాయంత్రమే బస్సుల షెడ్డు పెద్ద మెర్ల్ వచ్చి తాళాలు అడిగాడు. విచారణ అయ్యేదాకా ఇంట్లో ఉండమన్నాడు. మెర్ల్ చెడ్డవాడు కాడు, అదే చిక్కు. పంతొమ్మిదేళ్ళుగా ఆమెను ముద్దుగా 'మిరపకాయ' అని పిలుస్తున్నాడు. ఆమె టైరులో గాలి తక్కువుందని చెప్పినా, సెలవు కావాలని అడిగినా, మిరపకాయ మండిందిరో అని షెడ్డంతా నవ్వించేవాడు. ఆమె కూడా నవ్వేది. నవ్వకపోతే మండినట్టే కదా.

గుమ్మంలో నిలబడి ఆయన సలహా ఒకటి ఇచ్చాడు.

"నీ మంచికే చెబుతున్నా, ఒడీ. మావాళ్ళ ఆచారం అని చెప్పు. తల వంచుకుని చెప్పు. రెండు కన్నీటి చుక్కలు రాల్చినా తప్పులేదు, వాళ్ళు కరిగిపోతారు. ఒక్కటి మాత్రం చెయ్యకు. అక్కడ మిరపకాయవైపోకు."

ఆమెకు రెండు గౌన్లు చూపించి ఏది తొడుక్కుంటావని అడిగినట్టుంది. ఒకటి పిల్లల్ని ఎత్తుకుపోయేదాని గౌను, ఇంకోటి ఏమీ తెలియని పల్లెటూరి ముసలమ్మది. రెండూ ఆమె కొలతలకు కుట్టినవి కావు.

నికనోరా అత్తకు ఎనభై నాలుగేళ్ళు. పిండి కలుపుతూ అంతా విని, "తల వంచుకోమన్నాడా? మెడ పట్టేసిందని చెప్పకపోయావా" అంది.

"నువ్వు నేర్పిన పద్ధతి వల్లే కదత్తా ఇదంతా."

"ముట్టుకోమన్నాను గాని, బస్సులో కెమెరా ముందు ముట్టుకోమన్నానా? సరే గాని, ఆ పిల్ల ఎలా ఉంది?"

"ఏ పిల్ల?"

"ఎర్ర బూట్ల పిల్లే."

"బాగానే ఉందట."

"మరింకేం. పని చేసింది" అని అత్త పిండి మీద తడిగుడ్డ కప్పేసింది.

తొమ్మిది రోజులు ఒదీలియా ఇంట్లో కూర్చుంది. పొద్దున్నే అయిదింటికి మెలకువ వచ్చేది. కొళాయి తిప్పాలన్నా తలుపు తియ్యాలన్నా ముందు చుట్టూ తిరిగి టైర్లు తన్ని చూడాలనిపించేది. దుకాణానికి వెళితే పసిపిల్లల తల్లులు తోపుడు బండి ఇంకో వరుసలోకి తిప్పేవాళ్ళు. ఒకావిడ ఏకంగా పిల్లాడి మీద కోటు కప్పింది. ఒదీలియా కూరగాయల వంక చూస్తూ నడవడం నేర్చుకుంది.

విచారణకు ముందురోజు మధ్యాహ్నం ఎల్డన్ వచ్చాడు. తొమ్మిదో నంబరు బస్సు ఇప్పుడు ఆయనే నడుపుతున్నాడు. అరవై నాలుగేళ్ళ మనిషి, ఏడు నెలల్లో పెన్షను. ఆమెకు బస్సు నేర్పింది ఆయనే. భార్య చేసిన క్యాబేజీ మాంసం బన్నులు సంచి నిండా తెచ్చి, వంటింట్లో కూర్చుని, ఆమె మనసు తేలిక చేద్దామని బస్సు కబుర్లన్నీ చెప్పాడు. రెండో గేరు మొరాయిస్తోందన్నాడు. టెస్సాకు పన్ను ఊడిందన్నాడు.

"ఆ చిన్నదుందే, జూనీ, నన్ను వదలదు. నిన్న మంగళవారం ఎత్తుకుని ఒళ్ళో కూర్చోబెట్టుకుని హారన్ కొట్టించా. ఒకటే నవ్వు. వాళ్ళమ్మ ఫోటో కూడా తీసుకుంది" అన్నాడు.

ఒదీలియా నోట్లో బన్ను అలాగే ఆగిపోయింది. ఎల్డన్ ఆమె కళ్ళలోకి చూస్తూనే ఉన్నాడు గాని ఏమీ కనిపెట్టలేదు. ఆయన మొహంలో కల్మషం లేదు. అప్పుడే ఉతికి ఆరేసిన దుప్పటిలా ఉంది. కూర తక్కువైందా అని అడిగాడు. బాగుందని చెప్పి ఆమె మింగింది. బస్సులో కెమెరా రోజూ తిరుగుతుంది. మంగళవారం కూడా తిరిగింది. ఆ ఒక్క టేపు చాలు ఆమెను బయటపడెయ్యడానికి. అదే టేపు ఎల్డన్ పెన్షనును ముంచడానికీ చాలు.

ఆ సంగతి ఆమె అత్తకు కూడా చెప్పలేదు. గొంతులో పెట్టుకుని విచారణకు వచ్చింది.

బల్లకు అవతల మధ్యలో బడుల పెద్ద గ్రెచెన్ లాంగ్, ఒకవైపు బీమా ఆయన, ఇంకోవైపు మెర్ల్. బల్ల చివర కెండ్రా. ఒళ్ళో సంచి అదుముకుని కూర్చుంది, ఒదీలియా కాస్త కదిలితే చాలు కుర్చీ వెనక్కి జరుపుకుంటోంది. ఆమెకు నిజంగానే భయం వేసిందని ఒదీలియాకు అర్థమైంది. అందువల్ల ఆమె మీద కోపం తెచ్చుకోవడం ఇంకా కష్టమైంది.

టేపు వేశారు. శబ్దం లేదు. బస్సు ఆగింది, బ్రేకు పడింది, నల్లకోటు వేసుకున్న మనిషి మెట్లు దిగి పిల్ల మీదికి వంగింది. మాట వినబడకపోతే ఏ చెయ్యైనా దొంగచెయ్యిలాగే ఉంటుంది. బీమా ఆయన రెండోసారి వేయించాడు, మూడోసారి నెమ్మదిగా వేయించాడు. నెమ్మదిగా వేసేసరికి ఆ చెయ్యి ఎప్పటికీ వెనక్కి రాదేమో అనిపించింది.

ఎందుకు ముట్టుకున్నావని గ్రెచెన్ అడిగింది. ఒదీలియా తల వంచలేదు, ఏడవలేదు. పసిపిల్ల ముద్దొస్తే ముట్టుకోవడం మా ఇళ్ళలో పద్ధతనీ, ముట్టుకోకపోతే దిష్టి తగిలి పిల్లకు జ్వరం వస్తుందంటారనీ, తాను నమ్ముతాననీ ఒక్కో మాటా దారిలో గుంట చూసి బస్సు నడిపినట్టు నడిపించుకుంటూ చెప్పింది. బీమా ఆయన రాసుకుంటూ, అంటే ఆవేశంలో చేశారన్నమాట అన్నాడు. ఆలోచించి చేశాను, బ్రేకు వేసి మరీ చేశాను అంది ఆమె. ఆయన 'ఆవేశంలో' అని రాసుకోవడం తలకిందులుగానైనా ఆమెకు కనబడింది.

గ్రెచెన్ మొహం మెత్తబడింది. అదింకా ప్రమాదం. మీవాళ్ళు మనసులో ఏదీ దాచుకోరు, ఆ వెచ్చదనం మా అందరికీ ఇష్టమే అంది. ఒక దారి కూడా ఆలోచించి పెట్టిందట. ఆ కాగితం మీద ఒదీలియా తానే సంతకం పెట్టి, కోపం తగ్గించుకునే క్లాసులు ఆరు వారాలు వింటే, బస్సు పోయినా బడి పంచన పనుంటుంది. భోజనశాలలో ఒకరు కావాలి. క్రిస్మస్‌కు మీరు మొక్కజొన్న ఆకుల్లో ఉడికించి పంపే తమాలెల గురించి ఊరంతా చెప్పుకుంటుంది కదా అంది.

ఆ తమాలెలు నికనోరా అత్తవి. ఒదీలియా వంట సంగతి తెలిసినవాళ్ళకు తెలుసు. ఆమె చిక్కుడు గింజలు ఉడికిస్తే ఇంటి కప్పు మీద పిట్టలు వలస పోతాయి. తొడల కింద వేళ్ళు తిమ్మిరెక్కాయి. చెంపల్లోకి వేడి ఎక్కుతోంది. మెర్ల్ ఆమె వంక చూసి కళ్ళతోనే వద్దు, వద్దు అంటున్నాడు. గదిలో నలుగురూ ముందుకు వంగారు. ఆ అరుపు వచ్చేస్తే అందరి పనీ తేలికవుతుంది, సంతకం దానంతటదే పడుతుంది.

ఒదీలియా చేతులు బయటికి తీసింది. బల్ల మీద పెట్టింది, అరచేతులు కిందికి. పసిపిల్లను నిద్రపుచ్చే గొంతుతో మాట్లాడింది.

"నేను తప్పు చేశాను. పిల్లలు బస్సులో ఉండగా సీటు వదిలి దిగాను. దానికి రూల్లో మూడు రోజుల జీతం కోత ఉంది, కోసుకోండి. దిగి పిల్ల నుదురు ముట్టుకున్నాను. అది తగని పనైతే, ఆ బస్సులో ఎవరు చేసినా తగని పనే కావాలి."

"ఎవరు చేశారు?" అంది గ్రెచెన్.

"కెమెరా రోజూ తిరుగుతుందమ్మా. నా టేపు ఒక్కటే చూశారు. మిగతా రోజులవి నేను వెయ్యమనడం లేదు, ఎవరి పేరూ చెప్పను. సంతకం పెట్టేముందు అవి ఉన్నాయని మాత్రం గుర్తుంచుకోండి."

మెర్ల్ పైకప్పు వైపు చూశాడు. షెడ్డులో టేపులు రోజూ తిరగేసి చూసేది ఆయనే. ఆయన మెడ కాలర్ దగ్గర్నుంచి ఎర్రబడుతూ పోయింది. బల్ల చివర కెండ్రా సంచిలో ఫోను మీద చెయ్యి పెట్టి, ఆ చెయ్యి తియ్యలేదు. ఆమెకూ ఆ ఫోటో గుర్తొచ్చింది. గ్రెచెన్ ఒకసారి మెర్ల్ వంక, ఒకసారి కెండ్రా వంక చూసింది. ఏమీ అడగలేదు. అడిగితే జవాబు వినాల్సి వస్తుంది. కలం తీసుకుని, ఆ రెండో వాక్యం కొట్టేసి, 'సీటు వదిలి దిగింది, మూడు రోజులు' అని రాసింది. మొదటి వాక్యం, పదకొండేళ్ళనాటిది, అలాగే ఉంది. దాన్నీ కొట్టెయ్యమని అడుగుదామనుకుంది ఒదీలియా. గొంతు అంతసేపు నిలుస్తుందన్న నమ్మకం లేక లేచి వచ్చేసింది.

సోమవారం తొమ్మిదో నంబరు తాళాలు తిరిగి చేతికొచ్చాయి. ఆ వారమే షెడ్డు గోడ మీద కొత్త కాగితం అంటించారు: ఏ డ్రైవరూ ఏ పిల్లనూ ముట్టుకోరాదు. ఎల్డన్ అది చదివి, ఎవడో చేసిన వెధవ పనికి మనందరికీ శిక్షని రోజంతా గొణిగాడు. నిజమేనంది ఒదీలియా. ఆయన పెన్షనుకు ఇంకా ఆరున్నర నెలలుంది.

పడమటి రోడ్డు చివర మాత్రం ఆమె జూనీ వంక చూడడం మానేసింది. చూస్తే ముద్దొస్తుంది, ముద్దొస్తే ముట్టుకోవాలి, ముట్టుకోకూడదు. కాబట్టి బస్సాపి, ఏడు మైళ్ళ అవతల కనబడే గోధుమల గిడ్డంగి మీద కళ్ళు పెట్టుకుని టెస్సా ఎక్కేదాకా ఉండేది. ఆ చూపుకు గిడ్డంగి రెండంగుళాలు పక్కకు వాలిందంటారు, వెళ్ళి కొలుచుకోవచ్చు. బూట్ల చప్పుడు గేటు దాకా వచ్చి ఆగడం, చిన్న గొంతు ఏదో కేకెయ్యడం వినబడేవి. ఆమె తల తిప్పేది కాదు. అయిదు వారాలు అలాగే గడిచాయి.

నవంబరులో గడ్డి మీద మంచు పేరుకున్న ఒక పొద్దున, టెస్సా ఎక్కాక కూడా తలుపు ముందు ఎవరో నిలబడే ఉన్నారు. కెండ్రా. చంకలో జూనీ. కెండ్రా ఒకసారి వెనక్కి ఇంటివైపు, ఒకసారి పైనున్న కెమెరా వైపు చూసి గొంతు తగ్గించింది.

"చూడండి, నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. కానీ పాపకు ఈ నెలలో రెండుసార్లు జ్వరం వచ్చింది. ఆరోజు మీరన్నారు కదా, ముట్టుకోకపోతే... ఒక్కసారి ముట్టుకోండి. త్వరగా."

వెనక ఇరవై ఇద్దరు పిల్లలు సీట్ల మీంచి మెడలు సాచారు. అద్దం పైన కెమెరా ఎర్రచుక్క వెలుగుతోంది. అయిదు వారాల తర్వాత ఒదీలియా తల తిప్పి జూనీని చూసింది. టోపీలోంచి గోధుమ జుట్టు బయటికి పొడుచుకొచ్చింది, ముక్కు కారుతోంది, ఎర్ర బూట్లు అప్పుడే ఇరుకైపోయాయి. పిల్ల ఆమెను గుర్తుపట్టి, సర్కసు వచ్చినట్టు రెండు చేతులూ చాచింది. పుచ్చకాయలు పగలగొట్టిన కన్ను ఉన్న బరువంతా పట్టుకుని ఆ మొహం మీద పడింది. చేతులు స్టీరింగు మీద బిగుసుకున్నాయి.

"భయపడకండమ్మా. దిష్టి తగలాలంటే ముందు పిల్ల ముద్దొస్తోందని నాకనిపించాలి" అంది.

"అంటే?"

"నాకనిపించలేదు. మామూలు పిల్లే."

ఆ మాటకు సంతోషించాలో కోప్పడాలో కెండ్రాకు తేలే లోపల తలుపు మూసుకుంది.

ఊరి మొదట్లో పట్టాల దగ్గర ప్రతి బడి బస్సూ ఆగి, తలుపు తెరిచి, రైలు వస్తోందేమో వినాలి. ఒదీలియా ఆగింది, తెరిచింది, విన్నది. రైలేమీ లేదు. అయినా కాసేపు బస్సు కదల్లేదు. సాయంత్రం ఇంటికెళ్ళగానే అత్తనడిగి కోడిగుడ్డు తీసుకోవాలి అనుకుంది. పిల్ల ఎదురుగా లేకుండా కూడా ఆ గుడ్డు పని చేస్తుందో లేదో కనుక్కోవాలి.